పెట్టె మీద యూనిట్లు, సీసాలో ప్రొటీన్: గడ్డకట్టే ఫ్యాక్టర్ మందులపై సమీక్ష

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లలో ఫ్యాక్టర్ 8 ఒకటి. 1000 యూనిట్ల ఫ్యాక్టర్ 8 వయల్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. అడుగున తెల్లగా, పెళుసుగా ఒక బిళ్ళ కనిపిస్తుంది. అదంతా ఫ్యాక్టరేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో అసలు ఫ్యాక్టర్ 8 ప్రొటీన్ 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాములే. రెండు మూడు ఉప్పు రేణువులంత బరువు. మిగతాదంతా ఆ కాస్త ప్రొటీన్ చెడిపోకుండా చుట్టూ చేర్చిన సరుకు: సుక్రోజ్, ట్రెహలోజ్, మానిటాల్ లాంటి చక్కెర జాతి పదార్థం, హిస్టిడిన్, గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలు, ఉప్పు, కాల్షియం క్లోరైడ్, అతి కొద్దిగా పాలిసార్బేట్ 80. కొన్ని రకాల్లో అల్బుమిన్ అనే రక్త ప్రొటీన్ కూడా ఉంటుంది.

మందు మంచిచెడ్డలన్నీ ఆ రెండు మూడు రేణువుల్లోనే ఉన్నాయి. "ఏ కంపెనీదైతేనేం, 1000 అంటే 1000 యూనిట్లే కదా" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ 1000 అనేది ల్యాబులో ఆ ప్రొటీన్ ఎంత పని చేసిందో చెబుతుంది, అంతవరకే. ప్రొటీన్ వెంట ఇంకేమేం వచ్చాయి, వేడికీ రసాయనాలకూ దాని ఆకారం తట్టుకుందా, ఏ పద్ధతిలో కొలిచి ఆ అంకె వేశారు అన్నవి పెట్టె మీద కనిపించవు. హీమోఫీలియా ఎ (ఫ్యాక్టర్ 8 లోపం), బి (ఫ్యాక్టర్ 9 లోపం), వాన్ విల్లెబ్రాండ్ (ఆ పేరున్న ఫ్యాక్టర్ లోపం) జబ్బులకు వాడే మందుల్ని ఈ కోణంలోంచే ఇక్కడ పరిశీలిస్తున్నాం. డోసు, మందు మార్పు మాత్రం మీ హెమటాలజిస్టు (రక్తజబ్బుల డాక్టరు) నిర్ణయించాల్సినవి.

మేలిమి లెక్క

బంగారానికి కేరట్ ఎలాగో ఫ్యాక్టర్ మందుకు స్పెసిఫిక్ యాక్టివిటీ అలాగ. ఒక మిల్లీగ్రాము మొత్తం ప్రొటీన్‌లో ఎన్ని యూనిట్ల ఫ్యాక్టర్ ఉందో చెప్పే అంకె అది. ఒక మిల్లీలీటరు మామూలు ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగం) ఉండే ఫ్యాక్టర్ పనిని 1 యూనిట్ అంటారు. ఆ మిల్లీలీటరులో మొత్తం ప్రొటీన్ 70 మిల్లీగ్రాముల దాకా ఉంటే, ఫ్యాక్టర్ 8 మాత్రం 100 నుంచి 200 నానోగ్రాములే. అంటే అచ్చంగా ఫ్యాక్టర్ 8 మాత్రమే ఉంటే మిల్లీగ్రాముకు 5000 నుంచి 10000 యూనిట్లు రావాలి. ఫ్యాక్టర్ 9 అయితే ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో సుమారు 5 మైక్రోగ్రాములుంటుంది కాబట్టి దాని మేలిమి 200 దరిదాపుల్లోనే ఉంటుంది. ఫ్యాక్టర్ 8 కరపత్రంలో వేలల్లో చూసి, ఫ్యాక్టర్ 9 కరపత్రంలో 200 చూసి కంగారు పడనక్కర్లేదు. రెండూ మేలిమివే.

ఈ కొలబద్దతో చూస్తే ఫ్యాక్టర్ 8 మందుల్లో అడ్వేట్ మిల్లీగ్రాముకు 4000 నుంచి 10000 యూనిట్లు, జింథా 5500 నుంచి 9900 యూనిట్లు. ఫ్యాక్టర్ 9లో బెనిఫిక్స్ 200కి తగ్గదు. ప్లాస్మాలోంచి తీసిన మధ్యరకం శుద్ధి మందులు వీటికి చాలా కింద ఉంటాయి. మందుల ప్రమాణాలు రాసే యూరోపియన్ ఫార్మకోపియా గ్రంథం ప్లాస్మా ఫ్యాక్టర్ 8కి పెట్టిన కనీస హద్దు మిల్లీగ్రాముకు 1 యూనిట్ మాత్రమే, అదీ స్థిరత్వం కోసం ప్రొటీన్ కలపకముందు. హద్దు అంత కింద ఉంది కాబట్టే "ఫార్మకోపియా ప్రమాణాలకు లోబడి" అనే ముక్క ఒక్కటే చూసి శుద్ధి గురించి ఏమీ తేల్చలేం.

ఈ అంకె దగ్గర రెండు చోట్ల పప్పులో కాలేస్తారు. మొదటిది అల్బుమిన్. మోనోక్లోనల్ యాంటీబాడీతో వడకట్టి తీసిన ప్లాస్మా ఫ్యాక్టర్ 8 మేలిమి వేలల్లోనే ఉంటుంది, కానీ ఆ తర్వాత నిలకడ కోసం అల్బుమిన్ కలుపుతారు. అప్పుడు వయల్‌లో ఉన్న ప్రొటీన్ మొత్తాన్ని తూచి లెక్కేస్తే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే కరపత్రంలో "అల్బుమిన్ కలపకముందు" అనే మాట ఉందో లేదో చూడాలి. రెండోది వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్. ఒంట్లో ఫ్యాక్టర్ 8 ఒంటరిగా తిరగదు, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను కరుచుకుని తిరుగుతుంది. ఆ తోడు లేకపోతే దాన్ని ఎంజైములు త్వరగా కోసేస్తాయి. ఆ రెండూ కలిసి ఉన్న మందులో ఫ్యాక్టర్ 8 స్పెసిఫిక్ యాక్టివిటీ తక్కువగానే కనిపిస్తుంది. తోడున్న ప్రొటీన్ బరువు కూడా లెక్కలోకి వస్తుంది మరి. దాన్ని మలినం కింద జమకట్టడం అన్యాయం.

అసలు మలినాలంటే ప్లాస్మాలోని వేరే ప్రొటీన్లు: ఫైబ్రినోజన్, ఫైబ్రోనెక్టిన్, ఇమ్యునోగ్లోబ్యులిన్లు. మధ్యరకం మందు ఎక్కించినప్పుడు వచ్చే చలి, దద్దుర్లు, ఒళ్ళు వెచ్చబడటం చాలాసార్లు వీటివల్లే. ఆపరేషన్ సమయంలో రోజుల తరబడి పెద్ద డోసులు ఎక్కిస్తే ఇంకో చిక్కుంది. దాతల ప్లాస్మాలోని యాంటీ-ఎ, యాంటీ-బి యాంటీబాడీలు మందులోకీ కొంత వస్తాయి. ఎ, బి, ఎబి గ్రూపులవారిలో అవి ఎర్రకణాలను పగలగొట్టవచ్చు. హీమోగ్లోబిన్ తగ్గుతూ ఉంటే అందరూ ఎక్కడో లోపల బ్లీడ్ అవుతోందని వెతుకుతూ ఫ్యాక్టర్ డోసు ఇంకా పెంచుతారు. దాంతో సమస్య ముదురుతుంది. ఇలాంటప్పుడు ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేయించడం మరవకూడదు. ఓ గ్రూపువారికి ఈ బెడద లేదు.

శుద్ధి ఎక్కువైతే క్షేమమేనా?

కాదు. 1980ల మొదట్లో వేలమంది దాతల ప్లాస్మా కలిపి తీసిన ఫ్యాక్టర్ మందుల ద్వారానే హీమోఫీలియా ఉన్నవారికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి సోకాయి. ఎంత శుద్ధి చేసినా వైరస్‌ను చంపే అంచె విడిగా ఉండాల్సిందేనని లోకం నేర్చుకున్నది ఆ ప్రాణనష్టంతోనే. ఇప్పుడు వాడేవి ముఖ్యంగా నాలుగు. సాల్వెంట్-డిటర్జెంట్ పద్ధతి వైరస్ చుట్టూ ఉన్న కొవ్వు పొరను కరిగిస్తుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి దీనికి లొంగుతాయి. కొవ్వు పొర లేని హెపటైటిస్ ఎ, పార్వోవైరస్ బి19 లొంగవు. ద్రవంగా ఉండగా 60 డిగ్రీల దగ్గర 10 గంటలు వేడి చేయడం పాశ్చరైజేషన్. ఎండు పొడిని 80 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచడం డ్రై హీట్. నాలుగోది నానోఫిల్టర్. ఫ్యాక్టర్ 9 చిన్న అణువు కాబట్టి 15 నానోమీటర్ల రంధ్రంలోంచి హాయిగా దూరిపోతుంది, వైరస్ ఇవతలే ఆగిపోతుంది. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ పెద్ద గొలుసు. అంత సన్న రంధ్రంలో పట్టదు, కాస్త పెద్ద రంధ్రాల ఫిల్టర్ వాడాల్సి వస్తుంది. కరపత్రంలో వేర్వేరు తీరుగా పనిచేసే రెండు అంచెలు కనిపించాలని మేం పట్టుబడతాం: ఒకటి కొవ్వు పొర ఉన్న వైరస్‌లకు, ఇంకోటి లేనివాటికి.

అయితే వైరస్‌ను చంపే వేడి ప్రొటీన్‌నూ తాకుతుంది. ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన మళ్ళీ పచ్చిది కాదు. ప్రొటీన్ మడత విప్పుకుంటే అంతే. 1990ల మొదట్లో నెదర్లాండ్స్, బెల్జియంలలో కొత్తగా పాశ్చరైజ్ చేసిన ఒక ఫ్యాక్టర్ 8 మందు వాడకంలోకి వచ్చాక, ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా ఫ్యాక్టర్ తీసుకుంటున్నవారిలో ఇన్హిబిటర్లు, అంటే ఫ్యాక్టర్‌ను చెల్లకుండా చేసే యాంటీబాడీలు, పుట్టుకొచ్చాయి. మందు మార్చాక చాలామందిలో తగ్గుముఖం పట్టాయి. యూనిట్ల లెక్క ప్రకారం ఆ మందులో లోపమేమీ కనిపించలేదు. అణువులో కొద్ది భాగం రూపు మారింది, దాన్ని శరీరం పరాయిదిగా గుర్తుపట్టింది. ప్రొటీన్ నాణ్యత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేం మొదట చెప్పేది ఈ ఉదంతమే. తయారీలో ఒక్క అంచె మారినా పాత రోగుల్లో ఇన్హిబిటర్ పరీక్షలు ఎందుకు చేయాలో ఇది చెబుతుంది.

ఎక్కడ పుట్టిన ప్రొటీన్

దాతల ప్లాస్మాలోంచి తీయకుండా ల్యాబులో పెంచిన కణాల చేత చేయించే రీకాంబినెంట్ ఫ్యాక్టర్ 8 మందులు 1992 నుంచి వాడకంలో ఉన్నాయి. 2003లో వచ్చిన అడ్వేట్‌ను తయారీలో ఎక్కడా మనిషి ప్రొటీన్‌గానీ జంతు ప్రొటీన్‌గానీ కలపకుండా చేశారు. కణాలు మూడు రకాలు: చిట్టెలుక జాతి హ్యామ్‌స్టర్ అండాశయ కణాలు (అడ్వేట్, నోవోఎయిట్), పిల్ల హ్యామ్‌స్టర్ మూత్రపిండ కణాలు (కొవాల్ట్రీ), మనిషి మూత్రపిండ కణాలు (నువిక్, ఎలాక్టేట్). అమైనో ఆమ్లాల వరుస ఒకటే అయినా ప్రొటీన్‌కు అతుక్కునే చక్కెర గొలుసులు కణాన్ని బట్టి మారతాయి. హ్యామ్‌స్టర్ కణాలు మనిషి ఒంట్లో లేని కొన్ని చక్కెరల్ని తగిలించగలవు. ఇంకా చిన్న విషయం, కానీ పెద్ద ప్రభావం: 1680వ స్థానంలో ఉన్న టైరోసిన్‌కు సల్ఫేట్ అతుక్కుంటేనే ఫ్యాక్టర్ 8 వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అది అతుక్కోని అణువులు ఎక్కించిన కాసేపటికే కనుమరుగవుతాయి.

ఫ్యాక్టర్ 8లో 2332 అమైనో ఆమ్లాలుంటాయి. మధ్యలో బి-డొమైన్ అనే పెద్ద ముక్క గడ్డకట్టే పనికి అక్కర్లేదు. అందుకే జింథా, నువిక్ లాంటివాటిలో దాన్ని చాలావరకు తీసేశారు. అణువు చిన్నదై తయారీ తేలికైంది. దీనివల్ల పని తగ్గిందని మాకెక్కడా కనిపించలేదు. చిక్కు ల్యాబులో వస్తుంది, దాని సంగతి కింద చెబుతాం. ఇక బరువు గొలుసు, తేలిక గొలుసు అనే రెండు భాగాలూ ఒక లోహ అయాను వల్ల అతుక్కుని ఉంటాయి. వయల్‌లో కాల్షియం పెట్టేది ఆ జత ఊడకుండా ఉండటానికే. ఊడితే ఆ ప్రొటీన్ తూకానికి ఉంటుంది, పనికి ఉండదు.

ఇన్హిబిటర్ల మాటకొస్తే, తీవ్ర హీమోఫీలియా ఎ ఉన్న పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి అవి వస్తాయి. ముఖ్యంగా ఫ్యాక్టర్ ఎక్కిన మొదటి 50 రోజుల్లోనే. 2016లో వెలువడిన సిప్పెట్ అనే క్లినికల్ పరీక్షలో అంతకుముందు ఫ్యాక్టర్ ఎరుగని లేదా అతి తక్కువ ఎరిగిన 251 మంది పిల్లల్ని చూశారు. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ కలిసి ఉన్న ప్లాస్మా మందు తీసుకున్నవారిలో 26.8 శాతానికి, రీకాంబినెంట్ తీసుకున్నవారిలో 44.5 శాతానికి ఇన్హిబిటర్లు వచ్చాయి. దీన్ని "రీకాంబినెంట్ చెడ్డది" అని చదవడం తొందరపాటు. మనిషి కణాల్లో చేసినవీ, ఎక్కువకాలం నిలిచేవీ ఆ పరీక్షలో లేవు. అదీగాక ఇది మొదటిసారి మందు మొదలుపెట్టే పిల్లలకు సంబంధించిన ఫలితం. ఏళ్ళ తరబడి ఒకే రీకాంబినెంట్ మీద నిలకడగా ఉన్న పెద్దవారు దీన్ని చూసి మందు మార్చుకోవాల్సిన పని లేదు. పసివాడికి మొదటి వయల్ ఎంచుకునేటప్పుడు మాత్రం ఈ అంకెల్ని డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిందే.

ఎక్కువసేపు నిలిచే రకాలు

మామూలు ఫ్యాక్టర్ 8 సగానికి తగ్గడానికి సుమారు 12 గంటలు పడుతుంది. దానికి పెగ్ అనే పొడవాటి రసాయన గొలుసు తగిలించినా (అడినోవేట్, జివి, ఎస్పెరాక్ట్) యాంటీబాడీలోని ఎఫ్‌సీ ముక్క అతికించినా (ఎలాక్టేట్) ఒకటిన్నర రెట్లకు అటూఇటూగా పెరిగి ఆగిపోయింది. ఎందుకంటే అణువును ఎంత మార్చినా అది కరుచుకుని తిరిగేది ఒంట్లోని వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌నే, దానితోపాటే బయటికి పోతుంది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఆల్టువియో ఈ ముడి విప్పింది. ఫ్యాక్టర్ 8ను పట్టుకునే వాన్ విల్లెబ్రాండ్ ముక్కనే అణువులో కుట్టేశారు. ఒంట్లో ఉన్నదాని మీద ఆధారపడే పని తప్పింది, సగానికి తగ్గే సమయం 40 గంటలు దాటింది. డోసు ఒంటి బరువులో కిలోకు 50 యూనిట్లు, వారానికి ఒకసారి. ప్రొటీన్ తీర్చిదిద్దిన తీరుకు ఈ సమీక్షలో మేం అందరికంటే ముందు పెట్టేది దీన్నే.

ల్యాబు చెప్పే అంకె

ఇది విసుగు పుట్టించే అంశమే అయినా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. ఫ్యాక్టర్ 8ను కొలవడానికి రెండు పద్ధతులు: గడ్డకట్టే సమయం చూసే వన్-స్టేజ్, రంగు మారే తీరు చూసే క్రోమోజెనిక్. మామూలు ప్లాస్మాలో రెండూ ఒకేలా చెబుతాయి. మార్పులు చేసిన ప్రొటీన్ ఎక్కించాక అలా కాదు. బి-డొమైన్ తీసేసిన మందు వన్-స్టేజ్‌లో తక్కువ చూపుతుంది. ఒంటి గొలుసు అణువైన అఫ్స్టైలా వన్-స్టేజ్‌లో దాదాపు సగమే చూపుతుంది. వచ్చిన అంకెను 2తో హెచ్చించాలి. ఆల్టువియో దీనికి తిరగబడి క్రోమోజెనిక్‌లో ఎక్కువ చూపుతుంది, 2.5తో భాగించాలి. ఈ సంగతి తెలియని ల్యాబు అఫ్స్టైలా వాడే వ్యక్తికి 25 శాతం (మామూలు మనిషిది 100 అనుకుంటే) అని రాస్తే అసలు 50 ఉండొచ్చు. అనవసరంగా డోసు పెంచేస్తారు. ఆల్టువియోకు 50 అని రాస్తే అసలు 20 ఉండొచ్చు. ఇది మరీ ప్రమాదం, రక్షణ ఉందనుకుని ఆపరేషన్ బల్ల ఎక్కుతారు.

పెట్టె మీద యూనిట్లకూ ఇదే తంటా. జింథాకు అమెరికాలో వన్-స్టేజ్‌తో కొలిచి యూనిట్లు వేశారు. అందులోని మోరోక్టోకాగ్ ప్రొటీన్‌కే యూరప్‌లో రిఫాక్టో ఏఎఫ్ పేరుతో క్రోమోజెనిక్‌తో కొలిచి వేశారు. దాంతో రెండింటి యూనిట్లూ ఒకటి కావు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళేవారు డోసు కాగితం మీద అంకెతో పాటు మందు పేరు కూడా రాయించుకోవాలి. రక్తం ఇచ్చే ట్యూబు మీదా మందు పేరు ఉండాలి. ఫ్యాక్టర్ 8 బదులు పనిచేసే యాంటీబాడీ మందు ఎమిసిజుమాబ్ తీసుకుంటున్నవారికి వన్-స్టేజ్ పరీక్ష పనికిరాదు, అంకె ఆకాశంలో ఉంటుంది. ఆవు ప్రొటీన్లతో చేసే క్రోమోజెనిక్ కిట్ కావాలి.

ఫ్యాక్టర్ 9

ఒకప్పుడు హీమోఫీలియా బికి వాడింది ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్. అందులో 9తో పాటు 2, 7, 10 కూడా ఉంటాయి. పెద్ద డోసుల్లో వరసగా ఎక్కిస్తే అక్కర్లేని చోట రక్తం గడ్డకట్టేది. శుద్ధి చేసిన ఫ్యాక్టర్ 9 దొరికే చోట హీమోఫీలియా బికి ఆ మిశ్రమం వాడకూడదన్నది మా గట్టి అభిప్రాయం, ముఖ్యంగా ఆపరేషన్లకు, కాలేయ జబ్బు ఉన్నవారికి. శుద్ధ మందులోనూ గమనించాల్సింది ముందే చైతన్యమైపోయిన ఫ్యాక్టర్ 9ఎ. అది ఏ కొంచెం ఉన్నా గడ్డలకు దారి. తయారీదారులు దాన్ని బ్యాచ్ బ్యాచ్‌కూ కొలుస్తారు.

ఫ్యాక్టర్ 9లో మొదట్లోనే 12 గ్లుటామిక్ ఆమ్లాలు విటమిన్ కె సాయంతో మారాలి. అప్పుడే కాల్షియంను పట్టుకుంటుంది. కణం చేత అతిగా ప్రొటీన్ చేయిస్తే ఈ మార్పు వెనకబడుతుంది, తూకం పెరుగుతుంది గానీ పని పెరగదు. బెనిఫిక్స్‌లో 155వ టైరోసిన్ మీద సల్ఫేట్, 158వ సెరీన్ మీద ఫాస్ఫేట్ ప్లాస్మా ప్రొటీన్‌లో ఉన్నంతగా ఉండవు. దాని ప్రభావం నేరుగా డోసులో కనబడుతుంది. ప్లాస్మా ఫ్యాక్టర్ 9 కిలోకు 1 యూనిట్ ఇస్తే రక్తంలో సుమారు 1 శాతం పెరుగుతుంది. బెనిఫిక్స్‌తో పెద్దవారిలో 0.8 మాత్రమే, పిల్లల్లో ఇంకాస్త తక్కువ. 60 కిలోల మనిషికి 40 శాతం పెంచాలంటే ప్లాస్మా మందు 2400 యూనిట్లు, బెనిఫిక్స్ 3000 యూనిట్లు. ఇది మందు లోపం కింద రాదు, లెక్కలో కలుపుకోవాల్సిన లక్షణం.

ఎక్కువకాలం నిలిచేవి (ఆల్ప్రోలిక్స్, ఐడెల్వియాన్, రెఫిక్సియా) ఫ్యాక్టర్ 8 కంటే ఇక్కడే బాగా కలిసొచ్చాయి. మామూలు ఫ్యాక్టర్ 9కి మూడు నుంచి అయిదు రెట్లు. ల్యాబు జాగ్రత్త వీటికీ ఉంది: సిలికా ఉన్న కొన్ని రీఏజెంట్లతో (పరీక్ష రసాయనాలు) రెఫిక్సియా అంకె బాగా పెరిగిపోతుంది, కేయోలిన్‌తో ఐడెల్వియాన్ అంకె తగ్గుతుంది.

హీమోఫీలియా బిలో ఇన్హిబిటర్లు అరుదే, కానీ వస్తే చాలాసార్లు తీవ్రమైన అలర్జీతో కలిసి వస్తాయి. అందుకే పసిపిల్లలకు మొదటి 10 నుంచి 20 డోసులు ఆస్పత్రిలోనే ఇవ్వాలంటారు. ఇల్లు దూరమనో, సూది పెట్టడం వచ్చుననో దీన్ని దాటవేయొద్దు.

వాన్ విల్లెబ్రాండ్ మందులు

ఇక్కడ మేలిమి కంటే గొలుసు పొడవు ముఖ్యం. ఈ ప్రొటీన్ ఒకే రకం ముక్కలు వరసగా అతుక్కున్న గొలుసు. పొడవాటి గొలుసులే ప్లేట్‌లెట్లను బాగా పట్టుకుంటాయి. తయారీలో అవి తెగితే మిగిలిన పొట్టి గొలుసులు తూకానికి సరిపోతాయి గానీ ముక్కు నుంచి కారే రక్తాన్ని ఆపవు. అందుకే యాంటిజెన్‌తో (ప్రొటీన్ మొత్తం ఎంతుందో చెప్పే అంకె) పోల్చి రిస్టోసెటిన్ కోఫ్యాక్టర్ పని (ప్లేట్‌లెట్లను పట్టుకునే సత్తా) ఎంతుందో చూడాలి. ఆ నిష్పత్తి 1కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఫ్యాక్టర్ 8తో నిష్పత్తి కూడా మందు మందుకూ మారుతుంది: విలేట్‌లో దాదాపు సరిసమానం, హ్యూమేట్-పిలో ఒక యూనిట్ ఫ్యాక్టర్ 8కి 2.4 యూనిట్ల వాన్ విల్లెబ్రాండ్. ఈ జబ్బున్నవారి ఒళ్ళు సొంతంగా ఫ్యాక్టర్ 8 చేసుకోగలదు. బయట నుంచి రోజూ ఎక్కువ ఇస్తూ పోతే అది పోగుపడి గడ్డల ముప్పు వస్తుంది. ఆపరేషన్ తర్వాత రోజుల్లో రెండింటినీ కొలుస్తూ ఉండాలి.

రీకాంబినెంట్ వాన్‌వెండిలో అతి పొడవాటి గొలుసులు చెక్కుచెదరకుండా ఉంటాయి, ఎందుకంటే వాటిని కత్తిరించే ఎంజైమ్ ఉన్న ప్లాస్మాను అది చూడనే లేదు. గొలుసు నాణ్యతలో దీనికి సాటి లేదు. కాకపోతే ఇందులో ఫ్యాక్టర్ 8 ఉండదు. రక్తంలో అది 40 శాతం కంటే తక్కువ ఉన్నవారికి, లేదా ఎంతుందో తెలియనప్పుడు, రక్తస్రావంలో మొదటి డోసుతో పాటు ఫ్యాక్టర్ 8 కూడా ఇవ్వాలి.

కలిపేటప్పుడు పాడయ్యేది

ఫ్యాక్టరీలో ఇంత కష్టపడి కాపాడిన ప్రొటీన్ ఆఖరి పది నిమిషాల్లో పాడవుతుంది. వయల్, నీళ్ళ సీసా రెండూ ఫ్రిజ్ నుంచి తీసి గది వేడికి రానివ్వాలి, అరగంట పట్టొచ్చు. వేడినీళ్ళలో ముంచొద్దు, గోరువెచ్చని నీళ్ళయినా 37 డిగ్రీలు దాటకూడదు. చల్లగా ఉండగానే కలిపితే ప్లాస్మా మందు సరిగ్గా కరగదు. చలికి ఫ్యాక్టర్ 8, వాన్ విల్లెబ్రాండ్, ఫైబ్రినోజన్ విడివడి పేరుకుంటాయి. ప్లాస్మా నుంచి ఈ ప్రొటీన్ల మడ్డిని, అంటే క్రయోప్రెసిపిటేట్‌ను, తీసేది సరిగ్గా ఆ గుణంతోనే. కలిపిన మందును తిరిగి ఫ్రిజ్‌లో పెట్టొద్దనడానికి కారణాల్లో ఇదొకటి.

రెండు రబ్బరు మూతలూ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. ట్రాన్స్‌ఫర్ సెట్ ముందు నీళ్ళ సీసాకు గుచ్చాలి, ఆ తర్వాత దాన్ని తలకిందులు చేసి పొడి వయల్‌కు. వరస తప్పితే వయల్ లోపలి వాక్యూమ్ పోతుంది, నీళ్ళు దిగవు. నీళ్ళు వయల్ గోడ వెంట జారేలా కాస్త వంచండి. తర్వాత వయల్‌ను అరచేతిలో మెల్లగా గుండ్రంగా తిప్పాలి. ఊపొద్దు. తెల్లసొనను గిలకొడితే నురుగు గట్టిపడి నిలబడుతుంది. గాలి, నీరు కలిసే అంచు దగ్గర ప్రొటీన్ మడత విప్పుకుని ఒకదానికొకటి అంటుకోవడమే అది. వయల్‌లోనూ జరిగేది అదే. అలా ముద్దకట్టిన ప్రొటీన్ పని చేయదు సరికదా, శరీరానికి పరాయిదానిలా కనిపించే అవకాశమూ ఎక్కువ. పాలిసార్బేట్ కొంత కాపాడుతుంది, చేతి విసురు నుంచి మొత్తంగా కాపాడలేదు. నురుగు వస్తే అది దిగేదాకా ఆగండి, అందులో కూడా యూనిట్లున్నాయి.

రీకాంబినెంట్ ఒకటి రెండు నిమిషాల్లో కరిగి నీళ్ళలా తేటగా ఉంటుంది. వాన్ విల్లెబ్రాండ్ ఉన్న ప్లాస్మా మందుకు పది నిమిషాలు కూడా పట్టొచ్చు; లేత పసుపు ఛాయ, కొద్దిపాటి మసక దానికి సహజం. నలకలు, దారాలు, జిగురు ముద్దలు కనిపిస్తే ఏ మందైనా ఎక్కించొద్దు. వయల్‌ను దాచి, ఫోటో తీసి, బ్యాచ్ నంబరుతో సహా మీ హీమోఫీలియా సెంటరుకు చెప్పండి. గాజు సిరంజి వాడొద్దు, ప్రొటీన్ గాజుకు అంటుకుంటుంది. ఫిల్టర్ ఉన్న సెట్‌ను ఒక వయల్‌కు ఒకటి చొప్పున వాడాలి. సిరంజిలోకి రక్తం వెనక్కి లాగడం వీలైనంత తక్కువగా ఉండాలి. బెనిఫిక్స్‌తో ట్యూబులో ఎర్రకణాలు గుంపుకట్టడం గమనించారు. అలా కనిపిస్తే ఆ ట్యూబు, సిరంజి, మందు అన్నీ పారేసి కొత్తగా మొదలుపెట్టాలి. అడ్వేట్‌కు నిమిషానికి 10 మిల్లీలీటర్లు, హ్యూమేట్-పికి 4 మిల్లీలీటర్లు మించకూడదు. కలిపాక చాలా మందులకు గడువు 3 గంటలు.

నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఫ్రిజ్‌లో మంచు గదికి ఆనుకుని పెట్టొద్దు. గడ్డకట్టి కరిగితే ప్రొటీన్ ఆకారం చెడుతుంది. చాలావాటిని కొన్ని నెలలు గది వేడిలో ఉంచొచ్చు, కానీ బయటికి తీసిన తేదీ పెట్టె మీద రాయాలి. తిరిగి ఫ్రిజ్‌లో పెడితే పోయిన గడువు రాదు, కొన్ని మందులకు అలా పెట్టడమే నిషిద్ధం.

మందు సరిగ్గా పని చేయట్లేదన్న అనుమానం వస్తే రికవరీ, అంటే ఎక్కించిన డోసుకు రక్తంలో ఫ్యాక్టర్ ఎంత పెరిగిందో, చూడండి. ఎక్కించే ముందు ఒక శాంపిల్, ఎక్కించాక 15 నుంచి 30 నిమిషాల మధ్య వేరే చేతి నుంచి ఇంకొకటి. ఫ్యాక్టర్ 8 కిలోకు 1 యూనిట్‌కు 2 శాతం పెరగాలి. 60 కిలోల మనిషికి 1200 యూనిట్లు ఇస్తే 40 శాతం. 20 మాత్రమే పెరిగితే మొదట ల్యాబు ఏ పద్ధతి వాడిందో అడగండి. అది సరైనదే అయితే అదే బ్యాచ్ వయల్ నిల్వ ఎలా ఉందో చూడండి. పెట్టె మీద అచ్చయిన అసలు యూనిట్లు కూడా సరిచూసుకోండి. యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం రాసిన అంకెకు 80 నుంచి 120 శాతం దాకా తేడా చెల్లుతుంది. ఇవన్నీ సవ్యంగా ఉంటే ఇన్హిబిటర్లను కొలిచే బెథెస్డా పరీక్షకు రక్తం పంపించి, ఫలితం వచ్చేదాకా తదుపరి డోసు ఎంత, ఏ మందు అన్నది సెంటరును అడిగి తీసుకోండి. ప్రతి వయల్ మీదున్న ఊడే స్టిక్కరును బ్లీడ్ డైరీలో తేదీ పక్కన అతికించి ఉంటే ఈ వెతుకులాటంతా ఒక్క పూటలో తేలిపోతుంది.